పప్పు ఉడకని వాడ

మా యారాలంటే నాకు పడేది కాదు. యారాలంటే తోడికోడలు, మా ఆయన అన్న భార్య. ఆమె నీకేం అన్యాయం చేసిందని ఎవరైనా అడిగితే ఆ రోజుల్లోనూ చెప్పలేకపోయేదాన్ని, ఇప్పుడూ చెప్పలేను. నాకంటే బెత్తెడు పొడుగు. ఆమె ముగ్గు వేస్తే గీత వంకర పోదు. ఆమె తోమిన ఇత్తడి బిందెలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. ఎవరి మీదా గొంతు లేపదు, కాబట్టి కొట్లాడదామన్నా అవకాశం ఇవ్వదు. ఇవన్నీ నా కడుపుమంటకు కారణాలే గానీ, అసలు కారణం మా అత్త.

ఆమె నాకు ఉత్త అత్త కాదు, మా నాయిన తోబుట్టువు. నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోతే, నన్ను తన ఇంటికి తెచ్చుకుని పెంచి, రెండో కొడుక్కి చేసుకుంది. నా తలకు నూనె రాసింది, జడ వేసింది, జ్వరం వస్తే పక్కలో పడుకోబెట్టుకుంది ఆమే. అందుకని ఆమె మీద హక్కు నాదని నా లెక్క. యారాలిది ఎక్కడో బయటి సంబంధం. అయినా అత్త నలుగురిలో కూర్చుని "మా పెద్ద కోడలు వండిన పప్పు నాలిక మీదేస్తే కరిగిపోతది" అన్నప్పుడల్లా నాకు ఆ పూట అన్నం సహించేది కాదు.

పంతొమ్మిది వందల నలభైల నాటి మాట ఇది. నిజాం రాజ్యం ఇంకా నడుస్తోంది. మేము కోహెడ దిక్కు ఒక పల్లెలో ఉండేవాళ్లం. మా ఆయన దర్జీ. పల్లెలో పెళ్లిళ్లకూ పండుగలకూ తప్ప బట్టలు కుట్టించుకునేవాళ్లు లేరు. బావగారు అప్పటికే సిద్దిపేటకు పోయి ఒక బట్టల దుకాణంలో గుమస్తాగా కుదురుకున్నాడు. "బట్ట కొన్నోళ్లను నీ దగ్గరికే తోలుత, మిషను పట్టుకొని రా" అని తమ్మునికి కబురు పంపాడు. మా ఆయన సంచులు సర్దడం మొదలుపెట్టాడు. అత్తను ఎవరి దగ్గర ఉంటావని అడిగితే, ఆమె ఆలోచించను కూడా లేదు.

"చిన్నోని తోనే ఉంట. పిల్లను ఇడిసి నేనుండలేను" అంది. పిల్ల అంటే నేను. నాకు నాలుగేళ్ల బిడ్డ ఉన్నా ఆమె నోట నేను పిల్లనే. ఆ మాటకు నా కాళ్లు భూమి మీద ఆగలేదు.

ఎడ్లబండిలో మిషను, మూటలతో మేం నలుగురం సిద్దిపేట చేరి, కిరాయి ఇల్లు దొరికేదాకా యారాలింట్లోనే దిగాం. ఆమెది చెరువు దిక్కు వాడ. పెంకుటిల్లు, వాకిట్లో వేపచెట్టు, కొట్టంలో ముర్రా బర్రె. పోయిన పూటే అత్త అరుగు మీద కూర్చుని రెండు సార్లు పప్పు పెట్టించుకుని తిన్నది. అప్పటికే ఆమె నోట్లో ఒక్క పన్ను లేదు. మెతుకు మెత్తగా, పప్పు వెన్నలా ఉంటేనే ముద్ద దిగేది. తిని చేయి కడుక్కుంటూ యారాలితో "నీ చేతిల ఏముందో గని" అన్నది. నేను కంచంలో చూపుడువేలితో గీతలు గీస్తూ కూర్చున్నాను.

రెండు ఇళ్లు చూశాం. ఒకటి యారాలి ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంది. రెండోది బజారు దిక్కు వాడలో, దారి మీదికి అరుగున్న చిన్న ఇల్లు. మిషను అరుగు మీద పెడితే వచ్చేపోయేవాళ్లకు కనపడుతుంది. మా ఆయన మనసు దాని మీదికే పోయింది. యారాలు మాత్రం నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"చెల్లే, ఎదురుంగ ఉంటే మంచిగుంటది. పొద్దంత అత్తమ్మ గీడ నా కాడ కూసుంటది, నీకు పనికి సందు దొరుకుతది. మాపటికి మీ ఇంటికొస్తది. గా బజారు దిక్కు బావి ఉప్పు నీళ్లని అంటరు. ఎందుకైన మంచిది, పప్పు ఉడకేసి సూడుండ్రి."

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ నాకు వినపడింది ఒక్క మాటే. పొద్దంతా అత్త ఆమె దగ్గరే. పొద్దంతా ఆమె దగ్గరుంటే ఇక నా దగ్గరికి వచ్చేది నిద్రపోవడానికే. నేను లోపల భగ్గుమన్నాను, పైకి మాత్రం "సరే అక్కా" అన్నాను.

పప్పు ఉడకేసి చూడడం మావైపు ఆడవాళ్ల పద్ధతి. కొత్త చోట ఇల్లు చూసుకునేటప్పుడు గోడలూ కప్పూ మగవాళ్లు చూస్తారు. ఆ వాడ బావి నుంచి ఒక చెంబెడు నీళ్లు తెచ్చి, గుప్పెడు కందిపప్పు వేసి పొయ్యి మీద పెట్టేది మేము. పప్పు మెత్తబడితే ఆ నీళ్లు తాగొచ్చు, ఆ వాడలో ఉండొచ్చు. గంటసేపు ఉడికినా గింజ గింజగా నిలిస్తే, ఆ ఇల్లు ఎంత బాగున్నా దాని మాట ఎత్తరు. ఆడవాళ్లు "ఉడకలేదు" అన్నారంటే మగవాళ్లు మారు మాట్లాడేవాళ్లు కాదు. మా ఆయన కూడా ఆ తీర్పు నాకే వదిలేశాడు.

"అమ్మకు పండ్లు లేవు, పప్పు ఉడకకుంటే ఏం తిని బతుకుతది? ఉడికితె గా అరుగు ఇల్లు. ఉడకకుంటె ఎదురిల్లు. నువ్వే సూడు" అన్నాడు.

బజారు వాడ బావికి నేనే పోయి నీళ్లు తెచ్చాను. దారిలో ఒక గుక్క తాగి చూశాను. నాలుక గరగర అంది. అప్పుడే తెలిసిపోయింది నాకు. అయినా ఆశ చావక, యారాలి పెరట్లో మూడు రాళ్ల పొయ్యి వెలిగించి, చిన్న మట్టి గురిగిలో పప్పు పెట్టాను. యారాలు బర్రెను తోలుకుని చెరువుకు పోయింది. మగవాళ్లు బజారులో ఉన్నారు. అత్త పెరటి గడప మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. ఆమెకు కళ్లల్లో పొర వచ్చిందని, నాలుగడుగుల అవతల ఏముందో సరిగా తెలియదని అందరం అనుకునేవాళ్లం.

కట్టెలు రెండు సార్లు ఎగదోశాను. నీళ్లు తెర్లుతున్నాయి గానీ పప్పు మాత్రం వేసింది వేసినట్టే ఉంది. గరిటెతో కొడితే గురిగి అంచుకు టక్కుటక్కున తగులుతోంది. ఎదురిల్లు కళ్ల ముందు కనపడింది. దాని ఎదురుగా యారాలి అరుగు మీద అత్త, ఆమె పక్కన యారాలు, దూరంగా నేను. లేచి గురిగెడు పప్పూ తీసుకుపోయి బర్రె కుడితి గోలెంలో గుమ్మరించాను. వంటింట్లోకి పోయి, మాపటికని యారాలు ఉడకబెట్టి దించిన పప్పు నాలుగు గరిటెలు గురిగిలో వేసుకొచ్చి మళ్లీ పొయ్యి మీద పెట్టాను. మా ఆయన వచ్చి రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. "అబ్బ, వెన్న తీరుగున్నది" అన్నాడు. చెరువు నుంచి వచ్చిన యారాలు ఆశ్చర్యపోయింది. "వానలకు బావి తేటబడ్డదేమో" అని తనకు తానే చెప్పుకుంది.

ఆ మాపు బర్రెకు కుడితి పెట్టడానికి అత్త లేచింది. గోలెంలో చెయ్యి పెట్టి కలిపి, అడుగు నుంచి పిడికెడు పైకి తీసింది. వేళ్లతో కాసేపు తడిమి మళ్లీ వదిలేసింది.

"పప్పు కుడితి పాలు చేయొద్దు బిడ్డా" అంది. అంతే.  ఆమె మరో మాట అంటుందని ఎదురుచూశాను. అనలేదు. ముసలామె, ఏదో అనుకుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకుని, మర్నాడు బజారు వాడలో పాలు పొంగించాను.

మొదటి నెలంతా నేను గెలిచినట్టే ఉన్నాను. అరుగు మీద మిషను గడగడలాడింది. బావగారి దుకాణం నుంచి బేరాలు వచ్చాయి. అత్త నా ఇంట్లో, నా కళ్ల ముందు. కానీ పప్పు ఉడకలేదు. తెల్లారకముందే నానబెట్టాను, ఉప్పు చివర్లో వేశాను, గుత్తితో మెదిపి మెదిపి భుజం నొప్పి పుట్టింది. చెరువు దిక్కు బావి నుంచి రోజూ ఒక బిందె తెచ్చుకుంటే తీరిపోయే బాధే. కానీ ఆ బావి దగ్గర యారాలు ఉంటుంది. మీ బావి నీళ్లకు పప్పు ఉడుకుతుందన్నావుగా, ఇక్కడికెందుకొచ్చావు అంటుంది. గుట్టు రట్టవుతుందని నేను ఆ దారే తొక్కలేదు. మా ఆయనకు పళ్లు గట్టివి, నమిలి మింగేవాడు. ఒకటి రెండు సార్లు "ఏమే, గిట్లున్నదేంది పప్పు" అంటే, కట్టెలు పచ్చివని చెప్పాను.

నా బిడ్డ ఒకనాడు వాళ్ల పెద్దమ్మ ఇంట్లో తిని వచ్చి, "అమ్మా, పెద్దమ్మ పప్పు నమలకుంటనే పోతది" అని గంతులేసింది. దాని వీపు మీద ఒక్కటిచ్చాను. ఎందుకు కొట్టానో దానికి అర్థం కాక ఏడ్చింది. అత్త దాన్ని ఒళ్లోకి తీసుకుని నా వైపు చూసింది.

ఆమె ఏ రోజూ ఏమీ అనలేదు. కంచం ముందు కూర్చునేది. జొన్నరవ్వ గట్కలో చల్ల పోసుకుని, పప్పు గింజలను ఒక్కొక్కటిగా చల్లతో పాటు మింగేది. కొన్ని కంచం అంచుకు నెట్టి, నేను చూడకముందే బిడ్డ కంచంలో వేసేది. కడుపు నొప్పని పొద్దంతా మూలకు ముడుచుకుని పడుకునేది. పెద్ద కొడుకింటికి పోదామంటే మాత్రం "ఏం పనిప్పుడు" అనేది. నన్ను వదిలి పోవడం లేదని నేను లోలోపల మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చలికాలం వచ్చేసరికి ఆమె చేతి కడియం మోచేతి దాకా జారుతోంది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున యారాలు మా ఇంటికి వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె. నేను పెరట్లో బట్టలు పిండుతున్నాను. ఆమె రావడం చూసి కూడా లోపలికి పోలేదు. నా ఇంటికి ఆమె పప్పు తెచ్చిందంటేనే ఒళ్లు మండింది. కిటికీ దగ్గరికి జరిగి చెవులు రిక్కించాను.

"అత్తమ్మా, గిట్ల పుల్లోలె అయితివేంది? తింటలేవా? వేడి వేడి పప్పు తెచ్చిన, రెండు బుక్కలు తిను."

"ఇప్పుడే తిన్న బిడ్డా. మా ఇంట్ల లేదా పప్పు?"

"మీ ఇంట్ల పప్పు ఉడుకుతలేదంటున్నరు గదా."

"ఎవరన్నరు?" అత్త గొంతు లేచింది. అంత ఓపిక ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో. "మంచిగ ఉడుకుతది. వెన్న తీరుగుంటది. నా పిల్ల వండితే ఎందుకుడకది? నాకే అరుగుతలేదు, ముసల్దాన్నయిన. దానికేం పేరు పెట్టకు."

నేను ఇన్నేళ్లుగా కోరుకున్నది అదే. యారాలి ముఖం మీద, నా వైపు నిలబడి, అత్త అనాలనుకున్న మాట అదే. అది నా చెవిన పడుతుంటే తడిబట్ట నా చేతిలోంచి జారి బురదలో పడింది. ఆకలితో ఉన్న మనిషి, ఎదురుగా అన్నం పెట్టుకుని, నా కోసం వద్దంటోంది. నేను లోపలికి పోయాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు, వచ్చినట్టు అనేశాను.

"ఉడకది అక్కా. ఒక్కనాడు ఉడకలే. ఆ దినం నేను ఉడకని పప్పు కుడితిల పారబోసి, నీ పప్పు తెచ్చి చూపిచ్చిన. అత్తకు గా దినమే తెలుసు."

అత్త నన్ను కసిరింది. "నిన్నెవలడిగిన్రే? బట్టలు పిండుకో పో" అంది.

యారాలు తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, తిట్టించుకోవడానికే నిలబడ్డాను. ఆమె గిన్నె నేల మీద పెట్టి, అత్త మంచం కోడు పట్టుకుని కూర్చుంది. నా వైపు చూడనే లేదు.

"అత్తమ్మా, నేను నీ ఇంటికొచ్చి పన్నెండేండ్లాయె. చెయ్యి కాలినా పప్పు మాడకుంట వండిన. ఒక్క మాట పడలే. నా కోసం ఎన్నడన్న గిట్ల అబద్ధమాడినవా?"

అత్త చీర కొంగు సర్దుకుంటూ గోడ వైపు చూసింది.

ఆ మాటకు నాకు సిగ్గేసిందని రాస్తే చదివేవాళ్లకు నా మీద గౌరవం పెరుగుతుంది. కానీ నిజం చెప్పాలి. ముందు నాకు సంతోషం వేసింది. పన్నెండేళ్ల మంచితనంతో ఆమె సంపాదించుకోలేనిది నాకు దక్కిందని ఒళ్లంతా పొంగింది. ఆ పొంగులోనే ఆమె ముఖంలోకి చూశాను. కింది పెదవి పళ్ల మధ్య బిగబట్టి ఉంది. నీళ్లు రాకుండా ఆపుకోవడానికి రెప్పలు ఆర్పకుండా కూర్చుంది. అత్త నోట ఆమె మాట వచ్చినప్పుడల్లా నేను కంచం ముందు అట్లాగే కూర్చునేదాన్ని. అంత నెమ్మదైన మనిషి నన్ను చూసి ఎన్నేళ్లుగా అట్లా కుమిలిందో నాకు తెలియనే తెలియదు.

"అక్కా, గా ఎదురిల్లు ఇంకా ఖాళీగనే ఉన్నదా?" అని అడిగాను.

 ఆమె గిన్నె మూత తీసి, నాకు అందించి, "ముందుగాల నువ్వు తినిపియ్యి. నేను పెడితే తినది" అంది.