పేరు చెప్పి చదివే వార్తలు

కెనడాలోని బర్నబీలో యూనివర్సిటీ కొండ ఎక్కే బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన బెంచీ మీద ఒకావిడ ఫోన్‌లో ఏదో చదివి రికార్డ్ చేస్తోంది. భాష తెలియకపోయినా ఆ తీరు అచ్చం రేడియో వార్తల్లా ఉంది. ఆమె ఆగాక ఏమిటని అడిగాను.

"న్యూసే. మా దేశంలో వాళ్ళకి పంపిస్తా," అంది ఇంగ్లీషులో.

సైన్యం గద్దెనెక్కిన రోజు దాకా ఆమె అక్కడి రేడియోలో న్యూస్‌రీడర్. మన రేడియోలో "వార్తలు చదువుతున్నది ఫలానా" అన్నట్టే, వాళ్ళూ ముందు పేరు చెప్పుకుంటారట. ఆ ఉదయం సైనికులు స్టూడియోలోకి వచ్చి తమ ప్రకటన చేతికిచ్చారు. తుపాకుల మధ్య చదివింది గానీ పేరు చెప్పలేదు.

"అది న్యూస్ కాదని విన్నవాళ్ళకి తెలిసిపోయింది," అంది.

ఇప్పుడు ఇక్కడ బేకరీలో షిఫ్ట్ అయ్యాక, అక్కడి విలేకరులు దొంగచాటుగా పంపే వార్తలు రోజూ చదువుతుంది. మొదట తన పూర్తి పేరు చెబుతుంది. ఆమె అన్నయ్య ఇంకా అక్కడే ఉన్నాడట. ఆ పేరు పట్టుకుని సైనికులు అతని ఇంటికి వెళ్తారేమోనని నాకు భయమేసింది.

"వేరే పేరు పెట్టుకోవచ్చు కదా," అన్నాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు.

"పేరు లేకుండా ఒక్కసారే చదివాను. అది వాళ్ళ కాగితం. ఇవి నా వార్తలు."