రెండు బోర్ల ఊరు

మా ఆడబిడ్డ పోయిన ఆదివారం ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కన్నుమూసింది. మరునాడు పేపర్లో ఒక మూల "వైద్య శాస్త్రవేత్త మృతి" అని వేశారు. పులివెందుల పల్లెల్లో ఆమెకున్న పేరు అది కాదు, ఉచ్చల డాక్టరమ్మ. నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని ఎట్లా తినేస్తుందో తేల్చడం ఆమె పరిశోధన. అందుకని ఊరూరా తిరిగి పిల్లల మూత్రం సీసాల్లో పట్టుకొచ్చేది. ఒకసారి వాటిని మా ఫ్రిజ్‌లో పెట్టబోయింది. నేను అడ్డుపడితే, "మూత గట్టిగానే ఉంది గదా వదినా, మజ్జిగకేం కాదులే" అనింది.

పెళ్లికి పోతే పెళ్లికొడుకు మొహం చూసేది కాదు, పళ్లకు గార ఉందా లేదా అని చూసేది. "నువ్వు ఎద్దుల బేరానికి పోవాల్సినదానివి పాపా" అన్నాను. "ఎద్దులయితే నోరు తెరుస్తాయి. మీ చుట్టాలు నవ్వను గూడా నవ్వరు" అనింది.

తొండూరు వైపు ఆమెకొక ఊరు దొరికింది. ఫ్యాక్షన్ ముదిరిన రోజులవి. పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఇంకో పార్టీ. ఎవరి బోరు వాళ్లది. అవతలి బోరు నీళ్లు గుక్కెడు తాగినా పార్టీ మారినట్టే. ఆ సాయంత్రం చెప్పులు విడవకుండానే చెప్పింది:

"ఇట్లాంటి ఊరు ఏ దేశంలోనూ దొరకదు వదినా! తిండి ఒకటే, ఎండ ఒకటే. నీళ్లు మాత్రం పార్టీని బట్టి తాగుతాండారు. పోల్చి చూసేదానికి ఇంతకంటే ఏం కావల్ల?"

ఆ సంబరాన్ని ఆమె తరవాత తనకు తాను క్షమించుకోలేదు.

పైవీధి బోరులో ఫ్లోరైడ్ మితిమీరి ఉందని తేలింది. కిందివీధి నీళ్లు మంచివి. పైవీధి పిల్లల కాళ్లు అప్పటికే వంకరపోతున్నాయి. వీధికి అడ్డంగా ఒక పైపు వేస్తే చాలు. పైవీధి నాయకుడు, "మా నీళ్లు ఇసమని చెప్పేదానికి ఎవరు పంపిచ్చినారమ్మా నిన్ను?" అన్నాడు. కిందివీధి నాయకుడు మర్యాదస్తుడు, కాఫీ ఇప్పించాడు. "ఇండ్ల మీద మా జెండా కట్టమను, ఈ పొద్దే పైపు ఏపిస్తా" అన్నాడు.

చాటుగానైనా మంచినీళ్లు తెచ్చుకోండని చివరికి పైవీధి తల్లులను బతిమాలింది. ఒకామె ఇచ్చిన జవాబు నాకు ఎన్నిసార్లు చెప్పుకుందో: "మాకు తెలీదనుకుంటాండావా అమ్మా? ఎముకలు మెల్లగా పోతాయి. ఆ నీళ్లు తెస్తే మా ఇంటాయన ఈ పొద్దే పోతాడు."

పైఅధికారులు మాత్రం మురిసిపోయారు. ఇంకా కొన్నేళ్లు గమనిస్తే పరిశోధనకు మంచి పేరొస్తుందన్నారు. "వంకర కాళ్లు ఇంకెంత వంకరపోతాయో చూసేదానికా?" అని ఆ పని వదిలేసి వచ్చింది. మొదలుపెట్టడానికే కాదు, లేచి రావడానికి కూడా చదువు కావాలని ఆమెను చూసే తెలుసుకున్నాను. ఆమె వదిలేసిన చోట ఇంకొకాయన కూర్చుని గమనించాడు. సన్మానం కూడా చేయించుకున్నాడు.

ఆ నాయకుల కొడుకులిద్దరూ ఇప్పుడు ఒకే పార్టీ. జమ్మలమడుగులో జరిగిన ఆమె భూస్థాపనకు పూలదండలు పంపారు, ఒకే జీపులో.

చర్చి వెనక సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ వంగి పిడికెడు మన్ను వేస్తున్నారు. నా కూతురంత వయసున్న ఒకామె గొయ్యి పక్కన కట్టెలా నిలబడిపోయింది.

"మాది పైవీధి. వంగలేనమ్మా, రోంత మన్ను అందియ్యి" అనింది.

ముసలిదాన్ని నేనే వంగి, మన్ను తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు మెడ కూడా వంగలేదు. ఎదుటి గోడను చూస్తూ, గొయ్యి అంచును కాలితో తడిమి తెలుసుకుని, పిడికిలి వదిలింది.