నాలుగు గంటల చాయ్

క్రెడిట్ కార్డుల అప్పు తీర్చడానికి ప్రభుదాస్ మొదట మానేసింది ఆఫీసు ఎదుటి బండి దగ్గర నాలుగు గంటల చాయ్. స్నేహితులతో వెళ్ళేవాడు గానీ, గ్లాసు అందిస్తే "ఇప్పుడే తాగా" అంటూ చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు. ఆటో ఎక్కకుండా రోజూ రైలు దిగి నడిచి నడిచి బూట్ల మడమలు ఒక పక్కకి అరిగిపోయాయి. అలా మూడేళ్ళు నోరు కట్టుకుని, నిన్న ఆఖరి ఈఎంఐ కట్టేశాడు.

ఈరోజు ఐదుగురికీ తనే చాయ్ ఇప్పిద్దామని, వంద నోటు పట్టుకుని అందరికంటే ముందు నడిచాడు. బండి యాదగిరి ఎప్పటిలాగే నాలుగు గ్లాసులు నింపాడు.

"ఇంకోటి?" అంది కొత్తగా చేరిన జయంతి.

"ఈ సారు తాగడు మేడం, నాకెరుకే."

ప్రభుదాస్ ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి "ఇప్పుడే తాగా" అనే వచ్చింది. నాలుగింటికీ డబ్బులిచ్చి, చేతులు మళ్ళీ జేబుల్లో పెట్టుకున్నాడు.