ఐదో పేజీ దాకా మాస్టారి టిక్కులు

మాస్టారు పోయారని వాళ్ళావిడ పిన్నిగారు ఫోన్ చేసేసరికి నేను బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. "పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారమ్మా, మళ్ళీ లేవలేదు" అన్నారావిడ. ఆఫీసు మానేసి బండి కంకిపాడులో వాళ్ళింటి వైపు తిప్పాను.

పాలిటెక్నిక్‌లో ఆయన నాకు పాఠం చెప్పారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని కెర్నెల్‌లో వచ్చే మార్పులు చదివేవారు. కెర్నెల్ అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం. మేం వాడేదాన్ని ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాస్తారు. ఒకరు రాసిన మార్పును మరొకరు చదివి, సరిగా ఉంటే కింద తమ పేరు పెడతారు. మాస్టారి పేరు అంత తేలిగ్గా పడేది కాదు. ఆయన ప్రింటు తీయించుకుని, చదివిన ప్రతి వరుస పక్కనా పెన్సిలుతో టిక్కు పెట్టేవారు. "కన్ను దూకేస్తుందే అమ్మాయ్, పెన్సిలు దూకదు" అనేవారు. పూర్తిగా చదవకుండా పేరు పెట్టమంటే, "పిల్లను చూడకుండా సంబంధం ఖాయం చెయ్యమంటావేంటి?" అని నవ్వేవారు.

నేను రాసిన మార్పు స్వాపింగ్‌లో. మెమరీ నిండిపోతే, అప్పటికి అక్కర్లేనివాటిని కంప్యూటర్ డిస్కులోకి నెట్టి, కావాల్సినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. మాస్టారి పాఠంలో దాని పేరు అటక. ఒక్కొక్కటిగా కాకుండా పెద్ద మూటలుగా నెట్టేలా నేను మార్చాను. ఆఫీసులో బ్రహ్మాండంగా నడిచింది. ఎగురుకుంటూ ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఎక్కడ పరీక్షించావు?"

"మా ఆఫీసు మిషన్ మీదండీ."

"అంత పెద్ద మెమరీకి అటకతో పనేముందే?" అంటూ మూలనున్న పాత కంప్యూటర్ మీది గుడ్డ తీశారు. నా మార్పు ఎక్కించి రెండు ప్రోగ్రాములు తెరిచేసరికి మౌస్ బిగుసుకుపోయింది. "కాఫీ కలుపుతావా? ఇది తేరుకునేలోపు తాగేద్దాం" అని వంటింట్లోకి కేకేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అటకెక్కించడం ఎవరైనా చేస్తారు తల్లీ. అడగ్గానే దించగలగాలి."

"ఇలాంటి డొక్కు మిషన్లు ఇప్పుడెవరు వాడుతున్నారండీ?" అనేశాను.

"మన కాలేజీ పిల్లలు" అన్నారు మామూలుగా. ఆ కాలేజీలో అలాంటి డొక్కు మిషన్ మీదే నేనూ నేర్చుకున్నాను. ఆ మాట గుర్తు చేయకపోవడం ఆయన మంచితనం.

అయినా ఉక్రోషంతో మూడు నెలలు అటువైపు వెళ్ళలేదు. ఆ మూడు నెలలూ నాకిప్పుడు ముల్లులా గుచ్చుకుంటున్నాయి. చివరికి అంతా తిరగరాసి, ఎనిమిది పేజీల ప్రింటు ఆయన చేతిలో పెట్టాను. ఎందుకు రాలేదని అడగలేదు. "ఆదివారం రా, మాట్లాడుకుందాం" అన్నారు. ఆ ఆదివారానికి ఆయన లేరు.

పెద్దకర్మ అయ్యాక పిన్నిగారు ఆ కాగితాలు, పెన్సిలు తెచ్చి ఇచ్చారు. టిక్కులు ఐదో పేజీ సగం దాకా ఉన్నాయి. "చదివారుగా, ఆయన పేరు పెట్టేయ్. గుర్తుగా ఉంటుంది" అంది ఆఫీసులో వాటిని చూసిన స్నేహితురాలు. నా పేరు కింద ఆయన పేరు చూసుకోవాలని ఎన్నాళ్ళుగానో ఆశ. కానీ మిగతా మూడున్నర పేజీలూ ఆయన చూడలేదు.

పోయిన ఆదివారం కంకిపాడు వెళ్ళి పాత కంప్యూటర్ మీది గుడ్డ తీశాను. ఆయన కుర్చీలో కూర్చోబుద్ధి కాక, పక్కన స్టూలు వేసుకుని పెన్సిలు పట్టుకున్నాను. ఆయన ఆపిన చోటు నుంచి ఒక్కో వరుసా చదువుతూ టిక్కు పెట్టాను. ఐదో వరుస దగ్గర చెయ్యి ఆగింది. డిస్కు నుంచి వెనక్కి తెచ్చే చోట, నేను తిరగరాసినదాంట్లోనూ తప్పుంది.

వంటింట్లోంచి పిన్నిగారు, "కాఫీ కలపనా అమ్మాయ్? టైం పట్టేట్టుందా?" అన్నారు.

"పడుతుందండీ" అన్నాను. కాగితం మీద ఆయన టిక్కులు, వాటి కింద నావి నాలుగు, ఆ కింద తప్పు చుట్టూ నేను చుట్టిన సున్నా.