మాడింది గిన్నె, సూపు కాదు

ముందు ఒట్టు పెడతాను. పొయ్యి మీద చెయ్యి వేసి చెబుతున్నాను (పొయ్యి ఆర్పేసే ఉందిలెండి), ఇందులో ప్రతి మాటా నిజం. మా ఇంటామె ఇది చదివి మూతి తిప్పినా సరే, ఒక్క ముక్క వెనక్కి తీసుకోను. ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం వచ్చిన కొత్తలో, పెళ్లికాని మాలాంటివాళ్లకు ఒక జబ్బు ఉండేది. ఏది అడిగినా "వస్తది" అనేవాళ్లం. ఈత వస్తదా అంటే వస్తది, కారు నడుపుడు వస్తదా అంటే వస్తది. నాకైతే ఆ జబ్బు బాగా ముదిరింది. దేవరకొండలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు నౌకరీ, ఖిల్లా కనబడే గల్లీలో రెండర్రల కిరాయి ఇల్లు, ముప్పైకి దగ్గరపడ్డ వయసు, అప్పటికే నాలుగు సంబంధాలు తప్పిపోయిన మొహం. ఇదీ నా వైభోగం.

ఐదో సంబంధం తిరుమలగిరి దగ్గరి పల్లెలో. పిల్ల దవాఖానలో నర్సు. తల దించుకుని కూర్చుంటుందనుకుంటే, సూటిగా నా మొహంలోకి చూసి, "నాకు పొద్దుమాపు డ్యూటీలు పడ్తయ్. మీకు వంట వస్తదా?" అని అడిగింది. ఆ అడిగిన తీరుకే నా పని అయిపోయింది. ఈ పిల్ల కాకపోతే ఇక పెళ్లే వద్దని అక్కడికక్కడే అనుకున్నాను. "వస్తది" అన్నాను. "ఏమొస్తది?" అంది. అన్నం, పప్పు అంటే పరువు తక్కువనిపించింది. "మేక కాళ్ల సూపు. నా లెక్క జిల్లాల ఎవ్వలు చెయ్యలేరు" అన్నాను. పక్కనే ఉన్న మా అమ్మకు పొలమారింది. (అప్పటికి నేను చేసిన పెద్ద వంట గుడ్లు ఉడకబెట్టడం. అందులోనూ సగం పగిలేవి.)

పిల్ల మేనమామ అక్కడే ఉన్నాడు. ఊళ్లో అందరూ ఆయన్ను ముక్కు మామ అంటారు. పక్కింట్లో పాలు విరిగితే ఈ ఇంట్లో నిద్ర లేచే మనిషి. ఆయన మీసం దువ్వి, "మంచిదే పిలగా. మేం ఇల్లు చూడనీకి వచ్చిననాడు సూపు నువ్వే చెయ్యాలె. మీ అమ్మ చెయ్యి పెట్టొద్దు" అన్నాడు. ఇక్కడ మా దిక్కు రివాజు ఒకటి చెప్పాలి. పిల్ల తరఫువాళ్లు పిలగాని ఇల్లు చూడ్డానికి వస్తే, సంబంధం ఖాయం అనుకునేదాకా ఆ ఇంట్లో చాయ్ కూడా ముట్టరు. ముట్టారంటే ఒప్పుకున్నట్టే, ఇక మాట మారదు. అంటే నా సూపుకు పరీక్ష పెట్టేది నాలుక కాదు, ముక్కు. అదీ ఆ ముక్కు!

వాళ్లు వచ్చే ఆదివారం పొద్దున్నే మేక కాళ్లు కాల్పించి, కొట్టించి తెచ్చాను. అమ్మ గడపలో కూర్చుని, "నేను చెయ్యి పెట్టనన్న, నోరు పెట్టనన్ననా? ఇంకిన్ని నీళ్లు పొయ్యి" అంటూ దారి చూపించింది. పది దాటేసరికి సూపు బ్రహ్మాండంగా కుదిరింది. దించబోతుంటే ముక్కు మామ ఫోను. "నల్లగొండ దాటినం. గంటల మీ ఇంట్ల ఉంటం." చల్లారితే కాళ్ల సూపు జిగురవుతుంది కదా, మంట తగ్గించి అట్లాగే ఉంచాను. గంట తర్వాత నేనే ఫోను చేస్తే, "కొండమల్లేపల్లి వచ్చినం, పది నిమిషాలు." మళ్లీ చేస్తే మళ్లీ పది నిమిషాలే. అప్పుడు వాళ్లు నల్లగొండలో చుట్టాలింట్లో రెండో చాయ్ తాగుతున్నారని తర్వాత తెలిసింది. మా దగ్గర గడప దాటకముందే సగం దూరం వచ్చినం అని చెప్పడం మర్యాద. స్నానం చేస్తూ "బస్సెక్కిన" అని చెప్పే జాతివాణ్నే నేనూ. అయినా పెళ్లికొడుకు బుర్ర కదా, నమ్మింది. పోయి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ నిలబడ్డాను.

ఒంటిగంటకు ఏదో కాలుతున్న వాసన. చొక్కా చూసుకున్నాను, బాగానే ఉంది. పరుగెత్తి మూత తీశాను. గరిటె గిన్నెలో నిలబడి ఉంది, ఎవరూ పట్టుకోకుండానే. బొక్కలు దేనికది విడిపోయాయి. మిగిలిన ముద్దతో గోడకు క్యాలెండరు అంటించొచ్చు. అడుగున తారు. ఒక బొట్టు నాలుక మీద వేసుకుంటే ఉప్పు నషాళానికెక్కింది.

"మాడిందని ఒప్పుకుందాం కొడుకా. హోటల్లకెంచి బిర్యాని తెప్పియ్యి. ఇందుల సిగ్గేమున్నది?" అంది అమ్మ.

"మాడలే."

"మరి గా వాసనేందిరా?"

"మాడింది గిన్నె, సూపు కాదు. నువ్వు జర గమ్మునుండు."

అడుగు కదపకుండా పైదాన్ని ఇంకో గిన్నెలోకి వంచాను. వేళ్లు కాలాయి, ఆగలేదు. మాడిన గిన్నెను పెరట్లో గంప కింద దాచాను. ఉప్పు లాగుతుందని ఆలుగడ్డలు వేశాను, లాగలేదు. జొన్నపిండి ఉండలు వేశాను, అవి ఉప్పును లాగే పని మానుకుని వాటంతటవే కరిగిపోయాయి. నీళ్లు పోశాను, రుచి పోయింది. మిరియాలు దంచి వేశాను, రుచి రాలేదు గానీ ముగ్గురు పక్కింటివాళ్లకు తుమ్ములొచ్చాయి. కొబ్బరి, పుదీన, ఆరు నిమ్మకాయలు. సగం గిన్నె సూపు రెండు గిన్నెలయింది. చివరికి ఆ ముక్కును ఎదుర్కోవడానికి ఒక కట్ట అగరుబత్తులు ఇల్లంతా వెలిగించాను.

రెండింటికి దిగారు. ముక్కు మామ, ఆయన వెనకే ఆయన తల్లి, అంటే పిల్ల అమ్మమ్మ. అందరూ ఆమెను అవ్వ అనే పిలుస్తారు, ఆ ఇంట్లో ఆఖరి మాట ఆమెదే. అవ్వ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. మామ గడపలోనే ఆగిపోయాడు.

"ఇంట్ల పూజ నడుస్తాందా పిలగా?"

"అవ్ మామా, ఆదివారం పూజ."

"మేక కాళ్లకా?" అని రెండు సార్లు గాలి పీల్చాడు. "ఏందో మాడింది."

"కట్టెల పొయ్యి మీద చేసిన మామా. పొగ వాసన. పాతకాలం రుచి."

"మరి గీ సిలిండరెందుకు?"

"చాయ్‌కు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మామ వెనక్కి తిరిగి, "నడువుండ్రి. సూపు చెయ్యరాకపాయె, పైంగ అబద్ధాలు" అన్నాడు. ఆ నర్సమ్మ మొహం కళ్లముందు తిరిగింది. అయినా తగ్గలేదు. "మాడలే మామా. నువ్వెన్నన్నా నేనొప్పుకోను."

అప్పుడు పెరట్లో గంప కదిలిన చప్పుడు. చూస్తే అవ్వ మాడిన గిన్నెను బయటికి తీసి, అడుగున వేలు పెట్టి గీకి, ఆ వేలు నోట్లో పెట్టుకుంది!

"అవ్వా! ముట్టినవా?" అని మామ కేక.

"ముట్టింది! అవ్వ ముట్టింది! రివాజంటే రివాజే!" అని నేను గంతులు.

"గిన్నె నాకుడు లెక్కలకు రాదు."

"గిన్నె మాది, సూపు నాది, నాలిక అవ్వది. ఇంకేం గావాలె మామా?"

అవ్వ వేలు కొంగుకు తుడుచుకుని, "దొరికిపోయిన కొడుకా. ఇగ ఖాయం జేసుకో" అంది. అలా నా సూపు నా పెళ్లి చేసింది. పదేళ్లుగా దొరికిన ప్రతి పెళ్లిపందిట్లో ఈ కథ చెబుతున్నాను, ప్రతిసారీ గెలుస్తూనే ఉన్నాను.

కానీ ఒట్టు పెట్టాను కాబట్టి ఒక్కటి చెప్పాలి. అవ్వ వేలు నాకలేదు. అది నా కల్పన. గంప ఎత్తి గిన్నె చూసిన మాట నిజం. లోపలికొచ్చి నా కాలిన వేళ్లు చూసిన మాటా నిజం. కొడుకు "నడువుండ్రి" అంటుండగానే పీట లాక్కుని కూర్చుని, "సూపు పొయ్యి బిడ్డా, ఆకలైతాంది" అంది. నిండు గిన్నె తాగింది. మధ్యలో ఒక్కసారి కళ్లు గట్టిగా మూసుకుంది. గిన్నె కింద పెట్టి, కొడుకుతో "తాగిన. ఇగ మాటల్లేవ్" అంది.

జాలిపడి పిల్లనిచ్చారని చెప్పుకోవడానికి ఆ వయసులో నాకు మనసొప్పలేదు. అవ్వను దొరకబట్టి గెలిచాననాలి. అందుకే అవ్వ చేత వేలు నాకించాను. ఆ మొండివాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, వాడి వీపు మీద ఒకటి వేయాలనీ అనిపిస్తుంది. చిత్రమేమిటంటే, అవ్వ ఉన్నన్నాళ్లూ ఎవరడిగినా, "అవ్ బిడ్డా, వేలు నాకి దొరికిపోయిన" అనే చెప్పింది. నాకంటే బాగా చెప్పేది. వేలు ఎట్లా పెట్టిందో చేసి మరీ చూపించేది. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. నేనొక్కణ్ని తల వంచుకుని కూర్చునేవాణ్ని.