గొంగడి కొస లాగిన కుక్కపిల్ల

మిర్యాలగూడలో ఆదివారం ఆరాధన ముగించి బయటికి వస్తుంటే, చివ్వెంల నుంచి వడ్లు తెచ్చిన బండివాడు ఎదురై ఆ ఊళ్లో మా పక్కింటి గొర్రెల పెద్దమ్మ పోయిందని చెప్పాడు. జ్వరమట. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతామంటే, గొర్రెలు ఈనే రోజుల్లో మందను విడిచి రానన్నదట. ఆమె సంగతి తెలిసినవాణ్ణి కనుక నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఆమెది మా మతం కాదు. నేను అక్కడ పాస్టరుగా ఉన్న రోజుల్లో నా ప్రసంగాలు గోడ అవతల నుంచి వినేది. బాగా అరిచానని తరువాత చెప్పేది.

లేఖనాల్లో కుక్కకు గౌరవం తక్కువ. అయినా కష్టాలపాలైన ఒక భక్తుడు తన మందను కాసే కుక్కల మాట ఎత్తాడు. అది చదివినప్పుడల్లా నాకు పెద్దమ్మ దొడ్డి గుర్తుకొస్తుంది. ఆమె పెంచిన కుక్కల కోసం కోదాడ వైపు నుంచి కూడా వచ్చేవారు. పాలు మరవని కుక్కపిల్లను ఇంట్లో ముద్దు చేయనిచ్చేది కాదు. గొర్రెల మధ్యే పడుకోబెట్టి, అక్కడే గొర్రెపాలు పోసేది. ఎవరి వాసనలో పెరిగితే వాళ్లనే తనవాళ్లు అనుకుంటుందనేది. పిలుపు ఒకటే ఉండాలి, తిండి వేళ తప్పకూడదు. తప్పు చేసిన క్షణంలోనే కాదని చెప్పాలి. పూట గడిచాక కొడితే దానికి కొట్టిన చెయ్యి గుర్తుంటుంది గానీ చేసిన తప్పు గుర్తుండదట.

సర్కారు మారిన ఏడు, ఒక నల్ల కుక్కపిల్ల గొర్రెపిల్ల చెవి పట్టి లాగి నెత్తురు తెప్పించింది. మంద నెత్తురు రుచి చూసిన కుక్కను బతకనివ్వరు. అది కాపరుల కట్టుబాటు. ఆమె భర్త, నేను పెద్దనాయన అని పిలిచే ఆయన, దాన్ని ఉరివేయడానికి పలుపుతాడు అందుకున్నాడు. నేనూ ఊరుకోలేదు. గొర్రెతోలు కప్పుకున్న తోడేళ్ల మీద అక్కడికక్కడే ప్రసంగం ఎత్తుకున్నాను.

"గొర్రెను కరిసినంక ఇంకేం నేర్పుతవే దానికి?" అన్నాడు పెద్దనాయన.

"కరువలే, ఆడింది. పొద్దుగూకంగనే గొంగడి కొస దాని నోట్ల వెట్టి గుంజులాడేది నువ్వే గదా? గొంగడికీ ఉన్నే, గొర్రెకూ ఉన్నే. దానికేం ఎరుక?" అంది పెద్దమ్మ.

 కృష్ణా నది ఒడ్డు మేతకు మంద కదిలేదాకా ఆమె గడువు అడిగింది. అప్పటికీ దాని నోరు ఆగకపోతే తానే పలుపు అందిస్తానంది. తరువాత నా వైపు తిరిగింది.

"నువ్వు సెప్పేది అంతసేపు వినే ఓపిక మీ గుడికొచ్చే మనుషులకే లేదు బిడ్డా. దీనికి ఒక్క మాటే సెప్పాలె. రోజూ అదే సెప్పాలె."

గుంజులాట ఖతం. పరుగెత్తితే మోకాళ్లకు తగిలేలా దాని మెడకు చిన్న కర్ర వేలాడదీసింది. కుక్కపిల్లను కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుని గొర్రెపిల్లలను ముందు నుంచి నడిపించేది. అది ఎగబడబోతే మెల్లగా "వద్దు" అనేది. తల తిప్పుకోగానే జొన్నరొట్టె ముక్క. దానికి విసుగు పుట్టకముందే ఆపేసేది, మరునాడు మళ్లీ మొదలు.

ప్రియులారా, శిక్షను గురించి నేను గొంతు చించుకుని చెబుతాను, ఇక ముందూ చెబుతాను. కానీ శిక్ష కంటే ముందు నేర్పు ఉండాలి. తోడేలుకు భయపడక, పసిపిల్లల మీదికి పోక, పిలిస్తే వచ్చే కుక్క ఉన్నప్పుడే కాపరి కాస్త కన్ను మూయగలడు. అలాంటి కుక్క ఊరికే తయారవదు.

మంద కదిలే పొద్దున ఆమె ఆ కర్ర విప్పి కుక్కపిల్లను వదిలింది. పెద్దనాయన పలుపు భుజాన వేసుకుని నిలబడ్డాడు. చెవి తెగిన గొర్రెపిల్లే దాని మూతికి తగులుతూ పోయింది. కుక్కపిల్ల వాసన చూసి, పక్కకు జరిగి కూర్చుంది. ఆయన ఆ పలుపుతో వంటసామాను మూట కట్టుకున్నాడు.

నిన్న పలకరించడానికి చివ్వెంల వెళ్లాను. కోసిన పొలంలో మంద మేస్తోంది. పెద్దనాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. ఆ నల్లకుక్క ఇప్పుడు పెద్దదై మంద నడుమ పడుకుని ఉంది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఒకటి తడి ఒంటితో తడబడుతూ వచ్చి దాని పొట్టకు ఆనుకుని ఒరిగింది. తల్లిగొర్రె పక్కనే మేస్తూ, తల ఎత్తి కూడా చూడలేదు.