పత్తి కాటా కొక్కెం

కౌల్‌బజారు టాక్సీ తిమ్మప్ప కారు ఎక్కడెక్కడ ఆగి వెళ్లిందో ఎవరినీ అడగనక్కరలేదు. నేల మీద చూస్తే చాలు, నల్లటి నూనె మరక కనిపించేది. కిళ్లీ అంగడి ముందు ఒకటి, కంప్లి బస్సులు ఆగేచోట ఒకటి, ఆసుపత్రి గేటు దగ్గర ఇంకొకటి. "తిమ్మప్ప ఊరంతా బొట్లు పెట్టుకుంటా పోతాండాడు" అని స్టాండులో నవ్వేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకా అడుగుతారని.

మనిషి నెమ్మదస్తుడు. తండ్రి పత్తి గోడౌనులో బేళ్లు మోసిన హమాలీ. గోడౌను మూతపడ్డాక ఆ పాత కొట్టంలోనే కాపురం పెట్టారు. తిమ్మప్ప చిన్నప్పుడే ఒక బియ్యం మిల్లు షావుకారు కారు కడిగే పనికి చేరి, కడుగుతూ కడుగుతూ నడపడం నేర్చాడు. షావుకారు కొత్త కారు కొన్నప్పుడు పాతది, యుద్ధానికి ముందు వచ్చిన నల్లటి సీమకారు, ఇతని చేతికి వచ్చింది. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొన్నేళ్ల నాటి మాట ఇది. కొట్టంలో సగం సంసారం, సగం కారు. మధ్యలో గోడ కూడా లేదు, ఒక గోనెపట్టా తెర. పొద్దున కారు స్టార్టు చేస్తే పొయ్యి మీద ఎసరు వణుకుతుందని భార్య పంపమ్మ అందరికీ చెప్పి నవ్వేది. ఆమె నవ్వే రోజుల్లో.

నూనె కారడం మొదలైంది ఇంజను వెనకవైపు, గేరుబాక్సు కలిసేచోట. మెకానిక్ హుస్సేన్ పీరా కారు కిందికి దూరి చూసి, లేచి చేతులు తుడుచుకున్నాడు.

"లోపల నూనెను ఆపే తాడు ప్యాకింగు ఖరాబైందప్పా. నూనె పోతే పోనీ అనుకుందామంటే, అది పోయి క్లచ్చి మీద పడ్తాండాది. ఇంజను బయటికి తియ్యల్ల."

"తియ్యకుండా కాదా?"

"కడుపులో నొప్పొస్తే చొక్కాకు మందు పూస్తావా నువ్వు?"

"యాడ తీస్తావు మరి?"

"చైను పుల్లీ నా దగ్గర ఉండాది. తగిలించేదానికి నా రేకుల షెడ్డు తట్టుకోదు. గని లారీల షెడ్డోళ్లు బయటి బండ్లను రానియ్యరు. నీ ఇంట్లోనే ఉండాది కదప్పా కొక్కెం. ఏనుగును తగిలించినా ఊడదు."

తిమ్మప్ప కారెక్కి ఇంటికి వచ్చేశాడు.

ఆ కొక్కెం పత్తి కాటాది. టేకు దూలానికి బిగించిన ముంజేయంత ఇనుము. తండ్రి బేళ్లను ఎత్తి తూకం వేయించింది దానికే. కాటా పోయాక ఊరికే ఉండిన ఆ కొక్కేనికి, పెళ్లైన చాలా ఏళ్లకు ఆడపిల్ల పుడితే, పంపమ్మ తన పచ్చచీరతో తొట్టిల కట్టింది. ఝాన్సీలక్ష్మి అని ఘనంగా పేరు పెట్టి, చిట్టి అని పిలుచుకున్నారు. పిల్ల పాకడం నేర్చి, తెర కిందనుంచి దూరి, గ్రీజు డబ్బాలో చెయ్యి ముంచి మొహమంతా పూసుకునేది. అంతలో జ్వరం వచ్చింది. ఆసుపత్రికి పోయిన పిల్ల తిరిగి రాలేదు.

జ్వరానికి ముందురోజు సంగతి ఒకటుంది. తిమ్మప్ప సండూరు ట్రిప్పు నుంచి వచ్చి కింద చతికిలబడి, పిల్ల తల్లి చంకలో ఉందని చూసుకోకుండా, అలవాటుగా కాలితో తొట్టిలను ఊపాడు. ఉత్త తొట్టిల ఊపకూడదని తెలియని ఇల్లు మనలో ఏది? పొయ్యి దగ్గర్నుంచి పంపమ్మ చూసింది. "నిలుపప్పా" అంది. అతను కాలు తీసేశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. పిల్ల పోయిన తర్వాత ఆ మాట ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. ఎత్తకపోయినా అది ఆ ఇంట్లో వాళ్లతోపాటే లేచేది, వాళ్లతోపాటే పడుకునేది.

పంపమ్మ చీర విప్పలేదు. గాలికి ఊగకుండా చుట్టి, దూలానికి బిగించి ముడివేసింది.

ఇంజను తియ్యాలంటే ఆ ముడి విప్పాలి. విప్పమని ఆమెను అడగాలి. ఊళ్లో ఎవరైనా అడగొచ్చుగాని తను అడగకూడదనుకున్నాడు తిమ్మప్ప.

అందుకని ఏవేవో తిప్పలు పడ్డాడు. కారు కింద రేకు డబ్బా పెట్టి, కారిన నూనెను గుడ్డతో వడకట్టి మళ్లీ పోసేవాడు. క్లచ్చి జారితే కారు అడుగున ఉన్న కంతలోంచి దాని మీద ముగ్గుపిండి కొట్టేవాడు. పిండి నూనెను పీల్చుకుంటే ఒకటిరెండు ట్రిప్పులకు పట్టు దొరికేది. ఆమె ముగ్గు వెయ్యడమే మానేసింది కదా, చూడదనుకున్నాడు.

"ముగ్గుపిండి ఎవురు తింటాండారు?" అంది ఒకరోజు.

"ఎలకలేమో."

"ఎలకలు మూత కూడా పెట్టి పోతాండాయి" అని ఊరుకుంది.

ఇట్లా ఉండగా, బజారులో బట్టలంగడివాళ్ల సరస్వతమ్మ పసిబిడ్డను ఎత్తుకుని తిమ్మప్ప కారులో సండూరు అత్తగారింటికి బయలుదేరింది. కనుమ ఎక్కేచోట ఇంజను అరుస్తోంది, చక్రం కదలడం లేదు. కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు తిమ్మప్ప. వెనక వస్తున్న గని లారీ డ్రైవరు దూకి చక్రానికి రాయి అడ్డం పెడితేగాని నిలవలేదు.

"ఏమైంది తిమ్మన్నా, నిలబడింది?" అంది వెనక సీట్లోంచి సరస్వతమ్మ.

"ఏం లేదు తల్లీ. ఎర్రమన్ను కదా, జారింది."

ఒళ్లో బిడ్డ లేవను కూడా లేదు. వాళ్లను వెనక వచ్చిన బస్సు ఎక్కించి, ఎట్లాగో ఇల్లు చేరి, అన్నం వద్దని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కనుమ సంగతి లారీలవాళ్ల నోట పీరాకు చేరింది. మర్నాడు నేరుగా ఇంటికి వచ్చాడు. తిమ్మప్పను పలకరించలేదు, బియ్యం చెరుగుతున్న పంపమ్మతో చెప్పాడు.

"ఇంజను తియ్యల్లప్పా అంటే, ముగ్గుపిండి చల్లుకుంటా తిరుగుతాండాడక్కా. కారు వెనక్కి పోయిందంట. లోపల పసిబిడ్డ. ఎందుకు ఒప్పుకోడో నాకు తెల్దు."

పంపమ్మకు తెలుసు. చేట ఆగింది.

"ఎన్ని నెలల బిడ్డ?" అంది.

"చంటిది. మెడ కూడా నిలబడలేదంట."

ఆమె లేచి, నిచ్చెన తెచ్చి వేసుకుని ఎక్కింది. ముడి బిగుసుకుపోయింది, వేళ్లకు రాలేదు. పళ్లతో లాగింది. కింద తిమ్మప్ప నిచ్చెన పట్టుకున్నాడు, నేను విప్పుతా అనే ధైర్యం లేక. చీర పైన పొగకు నల్లబడింది, మడతల్లో మాత్రం పచ్చగా అట్లాగే ఉంది. దాన్ని గుండెకు అదుముకుని దిగి, పెట్టెలో పెట్టి, "తగిలించుకోండి" అని పెరట్లోకి వెళ్లిపోయింది.

తెర తీసి కారును కొక్కెం కిందికి నెట్టారు. చైను లాగుతుంటే ఇంజను మెల్లగా పైకి లేచింది. తాడు ప్యాకింగు మార్చి, మళ్లీ దించి బోల్టులు బిగించేసరికి పొద్దు వాలింది. పీరా ఇంజను నుంచి చైను తప్పించి, చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు.

బరువు పోయిన గొలుసు దూలం కింద అటూ ఇటూ ఊగింది.

తిమ్మప్ప దబ్బున రెండు చేతులతో పట్టేసుకున్నాడు. పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. పంపమ్మ ఎప్పుడు వచ్చిందో, పెరటి గడప మీద నిలబడి ఉంది.

"వదులప్పా."

"ఊగుతాది."

"ఊగనీ. ఇంగ అందులో ఎవురుండారు?"

అతను వదల్లేదు. ఆమె దగ్గరికి వచ్చి అతని వేళ్లను ఒక్కొక్కటిగా విప్పింది. గొలుసు ఊగింది. దానంతట అది నిలిచేదాకా ఇద్దరూ చూస్తూ ఉన్నారు. నిలిచాక ఆమె కింద కూలబడింది. పిల్ల పోయిన తర్వాత అతని ఎదుట ఆమె ఏడవడం అదే మొదలు.

చేతులనిండా గ్రీజు. ఎట్లా పట్టుకోవాలో తెలియక అతను పక్కన కూచున్నాడు. ఆమే ఆ చేతుల్ని లాక్కుని మొహానికి పెట్టుకుంది. చిట్టికి అయినట్టే మొహమంతా నల్లగా అయింది. తుడుచుకోలేదు.